హత్య కేసుకు కాలదోషం లేదు, కట్టలకే చెదలు

చిక్కడపల్లి: మనిషిని చంపిన నేరానికి మన చట్టంలో కాలదోషం లేదు. ఇరవై ఏళ్లకైనా నలభై ఏళ్లకైనా హంతకుడు దొరికితే కోర్టు బోను ఎక్కించవచ్చు. అయినా ఇంటి గుమ్మంలోనో, ఇంటికి చేరువలోనో మనిషిని చంపి పోయిన కేసులు కొన్ని దశాబ్దాల తరబడి తేలకుండా ఉండిపోయాయి. ఆ కేసులను చట్టం చంపలేదు. పట్టించుకునే నాథుడు లేక మూలపడిన కాగితాల కట్టలు, సీలు ఊడిన మూటలు చంపుతున్నాయి. చిక్కడపల్లి, నారాయణగూడల నుంచి నడిచి వెళ్లగల దూరంలోనే 1948లో జరిగిన ఒక హత్య ఈ సంగతిని ఇప్పటికీ గుర్తు చేస్తోంది.

నారాయణగూడ చౌరస్తా దాటి బర్కత్‌పుర మీదుగా కాచిగూడ వైపు వెళితే లింగంపల్లి చౌరస్తా వస్తుంది. ఆటోలు, బస్సులు, టిఫిను బండ్లు, ట్యూషన్ల బోర్డులతో ఎప్పుడూ రద్దీగా ఉండే చోటు. "ఇమ్రోజ్" అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆ చౌరస్తాకు దగ్గరలోనే దుండగులు నరికి పోయారు. అప్పటికి ఆయన వయసు 27 సంవత్సరాలు.

మానుకోట బిడ్డ

షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరు 17న మానుకోట తాలూకా సుబ్రవేడులో జన్మించారు. ఈ విలేఖరిదీ ఆ ప్రాంతమే. తండ్రి రైల్వే పోలీసులో ఉద్యోగి. కొడుకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివాడు. ఆ రోజుల్లో ఆ చదువుకు నిజాం సర్కారులో కోరుకున్న ఉద్యోగం దొరికేది. ఆయన మాత్రం పత్రికలో చేరారు. మొదట "తేజ్" వారపత్రికలో రాశారు. దాన్ని ప్రభుత్వం నిషేధించింది. తర్వాత మందుముల నరసింగరావు నడిపిన "రయ్యత్" లో చేరారు. దానికీ అదే గతి పట్టింది. అయినా వెనక్కి తగ్గక, బూర్గుల రామకృష్ణారావు వంటి పెద్దల తోడ్పాటుతో 1947 నవంబరు 15న సొంతంగా "ఇమ్రోజ్" ప్రారంభించారు. ఆ మాటకు "ఈ రోజు" అని అర్థం.

హైదరాబాదు సంస్థానం ఇండియన్ యూనియన్‌లో చేరాలని, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలని ఆయన బాహాటంగా రాశారు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇదే మాట చెబుతూ చేసిన ప్రకటనను తన పత్రికలో అచ్చు వేశారు. ఆగస్టు 19న జమ్రుద్ మహల్ సినిమా హాలులో జరిగిన సభలో రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ, తమకు ఎదురు తిరిగిన చేతులు ఉండవని హెచ్చరించినట్లు చరిత్రకారులు రాశారు.

ఆ తర్వాత రెండు రోజులకే, ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక, పత్రిక పని ముగించుకొని బావమరిదితో కలిసి ఇంటికి నడిచి వస్తున్న షోయబుల్లాఖాన్‌పై దుండగులు వెనుక నుంచి తుపాకి కాల్చారు. పడిపోయిన మనిషి చెయ్యి నరికారు. అడ్డు వచ్చిన బావమరిదికి కూడా చెయ్యి తెగింది. ఆయన బతికారు. షోయబుల్లాఖాన్ 22వ తేదీ తెల్లవారకముందే కన్నుమూశారు. అప్పటికి ఆయన ఇంట్లో తల్లిదండ్రులు, భార్య, బిడ్డ ఉన్నారు.

సరిగ్గా 26 రోజులకు, సెప్టెంబరు 17న, నిజాం సర్కారు లొంగిపోయింది. ఆయన రాసినట్లే సంస్థానం యూనియన్‌లో కలిసింది. చూడడానికి ఆయన లేరు.

ఊరికి తెలుసు, తీర్పుకు తెలియదు

ఇక్కడే అసలు ప్రశ్న ఉంది. ఈ హత్య ఎవరి పని అని తెలంగాణలో ఏ ఊరి రచ్చబండ మీద అడిగినా రజాకార్ల పేరే చెబుతారు. ఎవరి మాట మీద జరిగిందని అడిగితే కాసిం రజ్వీ పేరు చెబుతారు. చౌరస్తాలో చెప్పుకునే మాట వేరు, కోర్టులో నిలిచే రుజువు వేరు. పోలీసు చర్య తర్వాత రజ్వీ అరెస్టయ్యాడు. ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు విచారణ జరిగింది. చివరి వరకు నిలిచి ఆయన అనుభవించిన శిక్ష 1948 జనవరి నాటి బీబీనగర్ దోపిడీ కేసులోది. అందులో ఏడేళ్లు పడింది. సుప్రీంకోర్టుకు వెళ్లినా 1953లో ఆయనకు ఊరట దక్కలేదు. షోయబుల్లాఖాన్ ప్రాణానికి బదులుగా నిలిచిన శిక్ష మాత్రం ఆయనకు లేదు. 1957 సెప్టెంబరులో జైలు నుంచి విడుదలై పాకిస్తాను వెళ్లిపోయి, 1970లో కరాచీలో చనిపోయాడు.

కత్తి పట్టినవాడు వేరు, పట్టించినవాడు వేరు అయినప్పుడు రెండోవాడి దాకా వెళ్లడం పోలీసులకు ఎప్పుడూ కష్టమే. ఒక ప్రసంగం హత్యకు ప్రేరణ అయిందని అందరికీ తోచవచ్చు. ఫలానా మాట విని ఫలానా వాడు ఫలానా రాత్రి బయలుదేరాడని సాక్ష్యంతో కలిపి చూపితేనే కోర్టు ఒప్పుకుంటుంది. ఆ ముడి మొదటి రోజుల్లో వేయకపోతే తర్వాత ఎవరూ వేయలేరు. షోయబుల్లాఖాన్ చనిపోయిన నెలలో దర్యాప్తు చేయవలసిన ప్రభుత్వమే కూలిపోవడానికి సిద్ధంగా ఉంది. హంతకులకు కావలసింది అంతకంటే ఏముంటుంది?

గుమ్మంలోకి వచ్చిన తుపాకి

షోయబుల్లాఖాన్ కేసు స్వాతంత్ర్యానికి పక్కన పుట్టినది కాబట్టి అలా జరిగిందని సరిపెట్టుకునే వీలు లేదు. తర్వాత మన కళ్ల ముందు జరిగినవీ తేలలేదు.

వరంగల్‌లో న్యాయవాది, పౌరహక్కుల కార్యకర్త నర్రా ప్రభాకరరెడ్డిని 1991 డిసెంబరు 7న ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. అది మామూలు దుస్తుల్లో వచ్చిన పోలీసుల పనేనని పౌరహక్కుల సంఘాలు అప్పట్లోనే ఆరోపించాయి. విజయవాడలో "ఎన్‌కౌంటర్" పత్రిక సంపాదకుడు పింగళి దశరథరామ్ 1985 అక్టోబరులో హత్యకు గురయ్యారు. చంపించింది ఎవరన్న చర్చ నేటికీ ఆగలేదు.

ప్రజాగాయకుడు గద్దర్‌పై 1997 ఏప్రిల్ 6న అల్వాల్ దగ్గర వెంకటాపురంలోని ఆయన ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ప్రాణం దక్కింది గాని ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న చనిపోయేదాకా ఆ తూటాను మోస్తూనే పాడారు, ఆడారు. కాల్చినవారు ఎవరో 26 ఏళ్లలో తేలలేదు. సాక్ష్యం బాధితుని ఒంట్లోనే ఉంది, నేరస్తుడు మాత్రం లేడు.

ఈ కేసులన్నిటిలో ఒక పోలిక కనిపిస్తుంది. చనిపోయినవాడు, గాయపడినవాడు నలుగురికీ తెలిసిన మనిషి. ఆయనతో ఎవరికి పడదో కూడా అందరికీ తెలుసు. మామూలుగా అయితే ఇలాంటి కేసు తొందరగా తేలాలి. జరిగింది అందుకు విరుద్ధం. అనుమానం వెళ్లే దిక్కు ఎంత పెద్దదైతే దర్యాప్తు నడక అంత నెమ్మదిస్తుంది. తమ శాఖ మీదనే ఆరోపణ వచ్చిన కేసును అదే శాఖ చేతిలో పెడితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

ఈ విలేఖరికి స్వయంగా తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. మూడేళ్ల కింద మా వాగులో రాత్రిపూట తిరిగే ఇసుక ట్రాక్టర్లపై నాలుగు వాక్యాల వార్త ఇచ్చాను. అది అచ్చయిన మరుసటి రాత్రి పదకొండు దాటాక ఎవరో వచ్చి తలుపు కొట్టారు. పేరు పెట్టి పిలిచారు. మా అమ్మ గడియ తీయకుండానే "ఇంట్లో లేడు బిడ్డా, పొద్దున రాండ్రి" అంది. కాసేపు నిలబడి వెళ్లిపోయారు. వాళ్లెవరో నేటికీ తెలియదు. పని మీద వచ్చినవాళ్లే కావచ్చు. కాని ఆ రాత్రి తర్వాత మా అమ్మ చీకటి పడితే తలుపుకు రెండో గడియ కూడా పెడుతోంది. తేలని హత్య చనిపోయినవాడి ఇంటితో ఆగదు. అలాంటి పని చేసేవారందరి ఇళ్ల గడియల దాకా వస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

ఏడాది వరకు శిక్ష పడే నేరానికి ఒక ఏడాది, మూడేళ్ల లోపు శిక్ష పడే నేరానికి మూడేళ్లు అని కోర్టు కేసును విచారణకు తీసుకోవడానికి చట్టం గడువు పెట్టింది. అంతకు మించిన నేరాలకు గడువు లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న ఈ పద్ధతి, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది. కాబట్టి "చాలా ఏళ్లయింది, ఇక ఏం చేస్తాం" అనే మాట చట్టం చెప్పే మాట కాదు, అది ఆఫీసు మాట.

హంతకుడు దొరకని కేసును పోలీసులు "అన్‌డిటెక్టెడ్" అని రాసి మేజిస్ట్రేటుకు తుది నివేదిక ఇస్తారు. మేజిస్ట్రేటు దానిని ఒప్పుకోవచ్చు, తిప్పి కొట్టవచ్చు, మళ్లీ దర్యాప్తు చేయమనవచ్చు. ఒప్పుకునే ముందు మొదట ఫిర్యాదు ఇచ్చిన వ్యక్తికి నోటీసు ఇచ్చి, అతని మాట వినాలని సుప్రీంకోర్టు 1985లో భగవంత్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. నివేదిక ఇచ్చిన తర్వాత కూడా కొత్త ఆధారం దొరికితే దర్యాప్తు కొనసాగించే అధికారం పోలీసులకు ఉంది.

ఇది కాగితం మీది సంగతి. పల్లెల్లో ఎన్ని కుటుంబాలకు ఇది తెలుసు? ఫిర్యాదు ఇచ్చిన తండ్రి చనిపోయి ఉంటాడు. కొడుకు బతుకుతెరువుకు పట్నం పోయి ఉంటాడు. నోటీసు పాత ఇంటికి వచ్చి, తీసుకునేవారు లేక వెనక్కి పోతుంది. కేసు మూసివేసిన సంగతి ఇంటివారికి తెలియదు. వారు మాత్రం కేసు ఇంకా నడుస్తూనే ఉందనుకుంటారు.

ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే. అది కొత్తగా నమోదయ్యే కేసుల సంగతి. ఏనాడో నమోదై తేలకుండా పోయిన కేసు ఇప్పుడు ఏ దశలో ఉందో ఇంటివారికి చెప్పే ఏర్పాటు అందులో లేదు.

దాచిన తూటా మాట్లాడుతుంది

పాత కేసు తేలడం అసాధ్యమేమీ కాదు. పొరుగున ఉన్న కర్ణాటకలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. ధార్వాడలో పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని 2015 ఆగస్టు 30 ఉదయం ఎవరో వచ్చి తలుపు తట్టి, గుమ్మంలోనే కాల్చి చంపారు. రెండేళ్ల వరకు ఏమీ తేలలేదు. 2017 సెప్టెంబరు 5న బెంగుళూరులో పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను ఆమె ఇంటి ముందు కాల్చి చంపారు. రెండు చోట్లా దొరికిన తూటాలను పోల్చి చూస్తే ఒకే తుపాకి నుంచి వచ్చినవని నిపుణులు తేల్చారు. ఆ దారిన వెళ్లిన ప్రత్యేక దర్యాప్తు బృందం 2019లో కల్బుర్గి కేసులో అభియోగపత్రం వేసింది. 2015 నాటి తూటాను ఎవరో ఒక ఉద్యోగి జాగ్రత్తగా దాచి ఉంచకపోతే ఇది జరిగేదా?

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1970, 80 దశకాలలో రాత్రిపూట ఇళ్లలో చొరబడి హత్యలు, అత్యాచారాలు చేసినవాడు 2018 ఏప్రిల్‌లో దొరికాడు. ఆనాడు భద్రపరచిన నమూనాలను డి.ఎన్.ఏ. పరీక్షకు పెట్టి, దూరపు బంధువుల ద్వారా అతన్ని పట్టుకున్నారు. తీరా చూస్తే అతను ఒకప్పుడు పోలీసు ఉద్యోగి. 13 హత్యలు ఒప్పుకొని 2020లో యావజ్జీవ శిక్ష పొందాడు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కేరళలో ఉంది. కొట్టాయంలో 1992 మార్చి 27న సిస్టర్ అభయ శవం బావిలో దొరికింది. మొదట ఆత్మహత్య అన్నారు. ఆమె వస్తువులు కొన్ని విచారణకు ముందే ధ్వంసమయ్యాయి. 28 ఏళ్లకు, 2020 డిసెంబరులో సి.బి.ఐ. కోర్టు ఇద్దరికి శిక్ష వేసింది. 2022లో హైకోర్టు ఆ శిక్ష అమలును నిలిపి బెయిలు ఇచ్చింది. మొదట్లో పోయిన ఆధారం ముప్పై ఏళ్లయినా వెంటాడుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన దగ్గర సంగతి చూద్దాం. మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి 2019 మార్చి 15న పులివెందులలో తన ఇంట్లో హత్యకు గురయ్యారు. మొదట గుండెపోటు అని ప్రచారం జరిగింది. రక్తపు మరకలు తుడిచారు. ఒక మాజీ ముఖ్యమంత్రికి తమ్ముడు, మరో మాజీ ముఖ్యమంత్రికి చిన్నాన్న అయిన మనిషి ఇంట్లోనే ఇలా జరిగింది. కేసు సి.బి.ఐ.కి వెళ్లి, 2022లో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చవలసి వచ్చింది. ఇక ఏ అండా లేని రైతు కూలీ ఇంట్లో హత్య జరిగితే మరకలు ఎవరు కాపాడతారు?

ఏం చేయాలి?

హైదరాబాదు నగరానికి ఇందులో కొరత లేదు. రెడ్‌హిల్స్‌లో ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. ఉప్పల్‌లో డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం ఉంది. దేశంలో ఈ విద్యకు బాట వేసిన శాస్త్రవేత్త లాల్జీసింగ్ పని చేసింది ఈ నగరంలోనే. లేనిది పరీక్షించడానికి పంపవలసిన మూట. పంపమని అడిగే మనిషి.

అందుకు పెద్ద ఖర్చు కూడా అక్కర లేదు. మొదటిది, ప్రతి జిల్లాలో, ప్రతి కమిషనరేటులో తేలని హత్య కేసుల జాబితా తయారు చేసి, ఏ సంవత్సరానిది, ఇప్పుడు ఏ దశలో ఉందీ తెలుగులో ప్రకటించాలి. రెండవది, హంతకుడు దొరికేదాకా ఆ కేసు కాగితాలు, వస్తువులు నాశనం చేయరాదని గట్టి ఆదేశం ఇవ్వాలి. మూడవది, ఏడాదికి ఒకసారి చనిపోయినవాడి ఇంటివారికి ఒక ఉత్తరం రాయాలి. "ఏమీ తేలలేదు" అని రాసినా సరే. మరచిపోలేదన్న మాటైనా అందుతుంది. నాలుగవది, పోలీసుల మీదనే ఆరోపణ ఉన్న కేసును ఆ శాఖ బయటి వారికి అప్పగించాలి.

దీనికి అధికారులు చెప్పే జవాబు తెలిసిందే. నేటి కేసులకే సిబ్బంది చాలడం లేదు, నిన్నటివి ఎవరు చూస్తారంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మరో జాగ్రత్త కూడా అవసరమే. ఏళ్లు గడిచాక ఊరి పుకార్లు పట్టుకొని కేసు తిరగదోడితే నిరపరాధి చిక్కుకునే ప్రమాదం ఉంది. సాక్షుల జ్ఞాపకం మసకబారుతుంది, పగలు మాత్రం మసకబారవు. అందుకే మనుషుల మాట కంటే దాచిన వస్తువుకు, నాటి కాగితానికి విలువ ఎక్కువ. అవి నేరస్తుణ్ణి పట్టించడానికి ఎంత అవసరమో నిరపరాధిని కాపాడడానికీ అంతే అవసరం.

అశోక్‌నగర్ చదువులు

చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. పక్కనే అశోక్‌నగర్ వీధులన్నీ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. మానుకోట, ఖమ్మం, నల్లగొండ, ఆదిలాబాదు, పాలమూరు పల్లెల నుంచి వచ్చిన యువతీ యువకులు గ్రూపు పరీక్షలకు, ఎస్.ఐ. ఉద్యోగాలకు ఇక్కడే చదువుకుంటున్నారు. గ్రంథాలయంలో కుర్చీ దొరకనివారు చెట్టు కింద, మెట్ల మీద కూర్చుంటున్నారు. తెలంగాణ చరిత్ర పుస్తకంలో షోయబుల్లాఖాన్ పేరు వారికి కంఠతా వచ్చు. ఏ సంవత్సరం, ఏ పత్రిక అని అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఒక మార్కు ప్రశ్న అది.

ఆ మనిషి పడిపోయిన చోటు అక్కడికి నడిచి వెళ్లే దూరంలో ఉందని చెప్పినప్పుడు మాత్రం, ఈ విలేఖరితో మాట్లాడిన నలుగురు కుర్రవాళ్లలో ముగ్గురు ఆశ్చర్యపోయారు. నాలుగోవాడు ఎస్.ఐ. పరీక్షకు తయారవుతున్నాడట. కాసేపు ఆగి, ఆ కేసు కాగితాలు ఇప్పుడు ఎక్కడుంటాయని అడిగాడు.

అతను కోరుకున్న ఉద్యోగం వస్తే రేపు ఏదో ఒక స్టేషనులో కూర్చుంటాడు. అతని వెనక బీరువాలో తేలని హత్య కేసు కట్ట ఒకటి ఉండే ఉంటుంది. దుమ్ము దులిపి ఒకసారి విప్పుతాడా, తాడు బిగించి ఇంకో వరుస వెనక్కి తోస్తాడా అన్నదే తేలవలసి ఉంది. ఆ ఇంటివారు ఈ రాత్రికీ రెండో గడియ పెట్టుకునే పడుకుంటున్నారు.